చట్రం పడే చోటు

చట్రం విసిరే ముందు కళ్ళు మూసుకోవాలి. అది నియమం. చట్రమంటే పెద్దదేం కాదు, ఇనుప కడ్డీని చదరంగా వంచి అతికించినది, ఒక్కో వైపు అరమీటరు. పొలం అంచున, కంచె పక్కనే యాభై అడుగులు నడిచి ఆగాలి. పొలానికి వీపు తిప్పి, కళ్ళు మూసుకుని, భుజం మీదుగా బలంకొద్దీ వెనక్కి విసరాలి. ఎక్కడ పడితే అక్కడికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చదరం లోపల మనం విత్తినవి ఎన్ని మొలిచాయి, కలుపు ఎంత ఉంది అని లెక్కపెట్టాలి. చూసి ఎంచుకోమంటే మనిషి కన్ను పచ్చగా ఉన్నచోటికే పోతుంది. అందుకని కన్నుకి ఆ పని ఇవ్వకూడదన్నారు. ఈ పద్ధతి పెట్టినవాళ్ళు కన్ను గురించి ఆలోచించారు. చెయ్యి గురించి ఆలోచించలేదు.

నా చెయ్యి సంగతి నాకు రెండేళ్ళుగా తెలుసు.

ఆ రోజు పొద్దున్న మా ఆవిడ అట్టపెట్టెలకి తాళ్ళు కడుతోంది. మూడో ఏటి లెక్క ఆ రోజే. లెక్క నిలబడితే ఇక్కడ నా పని అయిపోయినట్టే. పట్నంలో విత్తనాల గిడ్డంగికి బదిలీ. గిడ్డంగి మీద రెండు గదులున్నాయి. మా ఆవిడ ఒకసారి వెళ్ళి చూసి వచ్చింది. వంటగది గురించి గానీ నీళ్ళ గురించి గానీ ఏమీ చెప్పలేదు. కిటికీ గురించే చెప్పింది. ఆ కిటికీ వీధిలోకి ఉందట. కింద ఒకామె కూరగాయల బండివాడితో పోట్లాడుతుంటే అక్కడే నిలబడి మొత్తం విని వచ్చిందట. ఎవరు గెలిచారో కూడా చెప్పింది.

ఇక్కడి కిటికీలోంచి కంచె కనిపిస్తుంది. కంచె వెనక పొలం, పొలం వెనక మళ్ళీ కంచె.

"మూడేళ్ళలో ఈ కిటికీ ముందునుంచి ఒక్క మనిషి నడిచి వెళ్ళడం చూశానా? మీరే చెప్పండి" అంది, తాడు కొస పళ్ళతో పట్టుకుని.

"నేను నడుస్తాను కదా."

"మీరు మనిషి లెక్కలోకి రారు."

నవ్వుతూనే అంది. ఈ మధ్య నవ్వుతోంది. పెట్టెలు కట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ. రెండు కంచాలు, రెండు గ్లాసులు, ఒక గిన్నె తప్ప అన్నీ లోపల పెట్టేసింది. లెక్క నిలబడుతుందా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. కింది సగం ఎంత బాగుందో రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనిపిస్తూనే ఉంది కదా.

కింది సగం గురించి చెప్పాలి.

మొత్తం నలభై ఎకరాలు, పై సగం ఇరవై, కింది సగం ఇరవై. ఏళ్ళ తరబడి ఒకే పంట వేసి వేసి ఒట్టిపోయిన నేల. ఇక దీన్ని దున్నకూడదని రాసుకుని ఆఫీసువాళ్ళు తీసుకున్నారు. నాగలి రాకముందు ఇక్కడ ఏ గడ్డి ఉండేదో, ఏ పూలు పూసేవో వాటినే మళ్ళీ నిలబెట్టాలన్నది ఉద్దేశం. అవి ఎలా ఉండేవో చూసినవాళ్ళెవరూ బతికిలేరు. రైలు పట్టాల పక్కన, శ్మశానాల మూలల్లో, నాగలి దూరని చోట్ల వెతికి గింజలు ఏరుకొచ్చారు. నన్ను మేస్త్రిగా వేశారు. బయట నాకు గడ్డి మేస్త్రి అని పేరు. ఒకసారి బస్సులో ఒకాయన "ఎన్ని గేదెలు?" అని అడిగాడు. గేదెల్లేవన్నాను. "మరి గడ్డి ఎందుకు?" అన్నాడు. గడ్డి కోసమే అన్నాను. ఆయన కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు.

నేను వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టాను. మా నాన్న విత్తనం వేస్తే నేల మీద ఒక్క గింజ కనపడేది కాదు. ఎక్కడైనా కనపడితే, గొర్రు ఆపించి, వెనక్కి వచ్చి, కాలి బొటనవేలితో మట్టి కప్పేవాడు. "గింజ బయటపడితే మనం బట్టల్లేకుండా వీధిలో నిలబడ్డట్టేరా" అనేవాడు. నాకు ఆరేడేళ్ళ వయసప్పుడు ఆయన వెనకే నడుస్తూ ఆయన వదిలేసిన గింజలు వెతికేవాణ్ణి. దొరికితే, ఆయన చూడకముందే కప్పేసేవాణ్ణి. దొరికిందని చెప్పేవాణ్ణి కాదు. చెబితే ఆయన మొహం ఎలా మారుతుందో తెలుసు.

ఇక్కడ విత్తిన మొదటి రోజు మేడమ్ దగ్గరుండి చేయించింది. మెడలో ఎప్పుడూ చిన్న భూతద్దం వేలాడుతుంది కాబట్టి పనివాళ్ళు ఆమెని భూతద్దం మేడమ్ అంటారు. నాకంటే పదేళ్ళు చిన్నది. ఆ గింజలు గింజల్లా ఉండవు. నూగు, తోకలు. గుప్పెట్లోకి తీసుకుంటే దూదిలా చుట్టుకుపోతాయి. గొర్రు గొట్టాల్లో అడ్డుపడకుండా జారాలని, పడినచోటు తెలియాలని, వాటిలో మెత్తటి ఇటుకపొడి కలిపాం. ట్రాక్టరు తోలింది మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. గొర్రు వెళ్ళిన దారంతా నేల మీద ఎర్రగా చారలు. నూగు గింజలు పైపైనే పడి గాలికి వణుకుతున్నాయి.

"ఇలాగే ఉండాలి" అంది మేడమ్. "నాలుగు గింజల్లో ఒకటైనా పైన కనపడాలి. కనపడలేదంటే లోతు ఎక్కువైందని అర్థం. వీటి లోపల తిండి నిలవ ఉండదు మేస్త్రిగారూ. రెండు వేళ్ళ లోతు నుంచి పైకి రావాలంటే దారిలోనే చచ్చిపోతాయి."

సరేనన్నాను. ఆ రోజు పై సగం అయింది. సాయంత్రం దాకా ఆ చారల వెంట నడుస్తూనే ఉన్నాను. నా కాలి బొటనవేలు చెప్పులోంచి రెండుసార్లు బయటికి వచ్చింది. రెండుసార్లూ లోపలికి లాక్కున్నాను.

రెండో రోజు మేడమ్‌కి వేరే చోట పని పడింది. కింది సగం మేమిద్దరమే విత్తాలి. రెండు సాళ్ళు అయ్యాక వెనక్కి తిరిగి చూశాను. పిట్టలు వాలాయి. నాలుగో అయిదో, అంతే. గొర్రు ఆపమన్నాను. లోతు పిన్ను మొదటి రంధ్రంలోంచి తీసి మూడో రంధ్రంలో పెట్టాను.

బావమరిది సీటు మీద నుంచి మెడ వంచి చూశాడు. "ఏంటి బావా అది? మేడమ్ ఏం చెప్పింది?"

"మేడమ్ పుస్తకంలో చదివింది. నేను పొలంలో పుట్టాను. నువ్వు పోనీ."

"నాకేం. నేను స్టీరింగు వరకే" అన్నాడు వాడు.

ఆ తర్వాత సాళ్ళు చూస్తే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. శుభ్రంగా దువ్విన తలలా ఉంది నేల. ఒక్క గింజ లేదు, ఒక్క ఎర్రటి మరక లేదు. ఆ సాయంత్రం భోజనం చేసి పడుకున్నవాణ్ణి తెల్లారే దాకా కదల్లేదు. ఆ తర్వాత అలాంటి నిద్ర మళ్ళీ రాలేదు.

వాన పడ్డాక పై సగంలో సూదుల్లా సన్నగా మొలకలు వచ్చాయి. కింది సగంలో కలుపు వచ్చింది. పది రోజులు చూశాను, ఇరవై రోజులు చూశాను. కలుపే. ఒక్క అంచుల్లో మాత్రం వేరు. సాలు చివర ట్రాక్టరు తిప్పేటప్పుడు గొర్రు పైకి ఎత్తాలి. ఎత్తినప్పుడు గొట్టాల్లోంచి నాలుగు గింజలు నేల మీద రాలతాయి. ఆ రాలినవన్నీ మొలిచాయి. కంచె వారగా ఆరు అడుగుల మేర, మలుపు మలుపుకీ ఒత్తుగా, పై సగం కంటే ఒత్తుగా. మొదట గడ్డి, తర్వాత పసుపు పూలు, ఆ తర్వాత ఊదా రంగువి. రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకి ఆ అంచే పొలం.

మధ్యలో ఏమీ లేదు. ఇరవై ఎకరాల ఏమీలేనితనం, చుట్టూ పూల పట్టీ.

మొదటి ఏటి లెక్కకి మేడమ్ వచ్చినప్పుడు చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగానే. కింది సగంలో మొదటి రెండుసార్లు చట్రం లోపల పడింది. రెండుసార్లూ సున్నా. ఆమె పెన్ను కొరుకుతూ నిలబడింది. మూడోసారి విసురుతుంటే మణికట్టు దగ్గర ఏదో పట్టేసినట్టయింది. చట్రం దగ్గర్లోనే పడింది. తొమ్మిది మొక్కలు. "చూశారా!" అని ఆమె నా భుజం తట్టింది. అంత సంతోషం నా వల్ల ఎవరికైనా కలిగి చాలా కాలమైంది. నాలుగోసారి కూడా మణికట్టు పట్టేసింది.

చేతికి ఇది నేను నేర్పలేదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆలోచన లేకుండా చేసిన పనిని మోసం అనొచ్చా? కానీ ఆలోచన లేకుండా చెయ్యి ఒక పని నేర్చుకుందంటే, నేను లేని సమయంలో నాలో ఎవరో కూర్చుని దానికి పాఠం చెప్పి ఉండాలి. ఆ ఎవరో నాకు కొత్తేం కాదు. మా నాన్న వెనక నడుస్తూ గింజలు కప్పినవాడే.

రెండో ఏడు ఒక్కసారి కూడా లోపల పడలేదు. "మీ హస్తవాసి మంచిది మేస్త్రిగారూ" అంది మేడమ్.

ఆ రెండేళ్ళూ మధ్యాహ్నం పూట నేను ఆ మధ్యలోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. కలుపు గింజ పట్టకముందే జానెడు ఎత్తున కోసెయ్యాలి, అది ఎక్కడైనా చేసే పనే. నేను అవసరానికి రెట్టింపు కోసేవాణ్ణి, దూరం నుంచి అదీ గడ్డిలాగే కనపడాలని. కోత అయ్యాక యంత్రం ఆపి అక్కడే కూర్చుండిపోయేవాణ్ణి. అక్కడికి ఎవరూ రారు. ఎటు చూసినా పూలు, వాటి వెనక కంచె. అంత పెద్ద చోటులో కూర్చుని కాళ్ళు చాపుకోవడానికి కూడా ఇరుకుగా అనిపించేది.

*

మూడో ఏటి లెక్క రోజు బావమరిది ముందే వచ్చి గేటు దగ్గర ట్రాక్టరు మీద కూర్చున్నాడు. ఆ రోజు వాడికి పనేం లేదు. సామాను ఎక్కించడానికి వచ్చానన్నాడు.

"అప్పుడే ఏం సామాను?" అన్నాను.

"అక్క రమ్మంది. లెక్క అవగానే రెండు పెట్టెలైనా పంపించేస్తే ఆమెకి మనశ్శాంతి." గొంతు తగ్గించాడు. "మొహం ఏంటి బావా అలా ఉంది? ఏ గడ్డి తిన్నావు పొద్దున్నే?"

వాడికి తెలుసు. రెండేళ్ళలో ఒకే ఒక్కసారి ఆ మాట ఎత్తాడు. "పై సగంలో క్రికెట్ ఆడేవాడిలా విసురుతావు, కింది సగంలో ముసలాయన చేతికర్ర పక్కన పెట్టినట్టు పెడతావు" అన్నాడు. నేను నవ్వాను. వాడూ నవ్వాడు. అంతే, ఆ విషయం అక్కడితో అయిపోయింది. మా ఇంట్లో విషయాలు అలాగే అయిపోతాయి.

పై సగం పది చట్రాలూ పదిన్నరకల్లా అయ్యాయి. సగటున నాలుగు ఉండాలి, అయిదు దాకా వచ్చాయి. మేడమ్ హుషారుగా ఉంది. కింది సగానికి వచ్చాం.

నేను ఒక నిర్ణయం చేసుకుని వచ్చాను. చెప్పడం నా వల్ల కాదని తేలిపోయింది కాబట్టి చెప్పను. నిజంగా విసురుతాను. చట్రమే చెబుతుంది. యాభై అడుగులు నడిచాను. వీపు తిప్పాను. కళ్ళు మూసుకున్నాను. భుజంలోకి బలమంతా తెచ్చుకున్నాను. విసిరాను.

మూడు అడుగుల్లో పడింది.

"తొమ్మిది" అంది మేడమ్.

మళ్ళీ యాభై. ఈసారి దవడలు బిగించాను. పళ్ళు కలుక్కుమన్నాయి. చట్రం చేతిలోంచి బయల్దేరిన క్షణంలోనే తెలిసిపోయింది, బలమంతా మోచేతి దగ్గరే ఎవరో వసూలు చేసుకున్నారని. ఎనిమిది. మూడోసారి పదకొండు. నా చెయ్యి నా మాట వినడం మానేసింది. కాదు, చాలా కాలంగా నా మాటే వింటోంది, పైకి చెప్పే మాట కాదు.

మేడమ్ పుస్తకం మూసి వేలు మధ్యలో పెట్టుకుంది. "ఒక్క విషయం అడగాలి మేస్త్రిగారూ. అవే గింజలు, అదే నేల, ఒక్క రోజు తేడా. పై సగంలో అయిదు, ఇక్కడ తొమ్మిది, పదకొండు. రెండేళ్ళుగా ఇదే. ఏదో తేడా ఉంది. ఆ రోజు నేను లేను. మీరేం చేశారు?"

"ఏమీ లేదు మేడమ్."

"దాచకండి" అని నవ్వింది. "మీకు పేరు వచ్చే విషయమే. అవతల రెండు వందల ఎకరాలు ఒప్పుకున్నాం. వచ్చే పదునుకి విత్తాలి. కింది సగం ఎలా చేశారో అలాగే చేయిస్తాను. పిన్ను ఎన్నో రంధ్రంలో పెట్టారు?"

పెన్ను తెరిచి నిలబడింది.

మొదటి రంధ్రం అంటే అయిపోతుంది. ఆమె చెప్పింది ఆమెకే తిరిగి చెప్పడం. ఎవరికీ నష్టం లేదు, రెండు వందల ఎకరాలూ పైపైనే విత్తుతారు, చక్కగా మొలుస్తాయి. నేను పట్నంలో కిటికీ పక్కన కూర్చుంటాను. మా ఆవిడ కింద ఎవరు పోట్లాడుతున్నారో చెబుతుంది. నా కింది సగం మాత్రం ఇక్కడే ఉంటుంది, పూల పట్టీ కట్టుకుని, మధ్యలో నేను కూర్చున్న చోటు అలాగే ఉంచుకుని. అబద్ధం ఇంత తేలిగ్గా, ఇంత నిరపాయంగా ఎప్పుడూ నా ముందుకు రాలేదు. నోరు తెరిచాను. ఆ సంఖ్య నాలుక మీదికి వచ్చింది.

"ఇంకొకటి విసిరి చెబుతాను" అన్నాను.

విసిరాను. రెండు అడుగులు. పది మొక్కలు. చట్రం తీసుకుని కంచె దగ్గరికి తిరిగి వచ్చాను. ట్రాక్టరు దిగి బావమరిది ఇటే నడిచి వస్తున్నాడు.

పొలం ఎటుందో చేతికి తెలుసు, అంచు ఎక్కడుందో తెలుసు. తెలియకుండా చెయ్యాలి. కళ్ళు మూసుకుని, చట్రం రెండు చేతులా పట్టుకుని నిలబడ్డచోటే తిరగడం మొదలుపెట్టాను. ఒక చుట్టు, రెండు, అయిదు. మేడమ్ నవ్వు వినిపించింది. "ఏంటండీ ఇది?" బావమరిది గొంతు: "బావా, పడతావ్! బావా!" కాళ్ళ కింద నేల ఒరిగింది. ఏది కంచో ఏది రోడ్డో ఏది నేనో తెలియలేదు. అప్పుడు వదిలేశాను.

 కళ్ళు తెరిచేసరికి నేల మీద చతికిలబడి ఉన్నాను. ప్రపంచం ఇంకా తిరుగుతోంది. చట్రం ఎక్కడా కనపడలేదు.

"అదిగో" అన్నాడు బావమరిది చాలా మెల్లగా. దూరంగా, పూల పట్టీ దాటి లోపల, ఇనుము ఎండకి మెరిసింది.

ముగ్గురం నడిచి వెళ్ళాం. పూలు దాటాక మేడమ్ నడక నెమ్మదించింది. కిందికి చూస్తూ నడుస్తోంది. చట్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. భూతద్దం పెట్టి చూసింది. అవసరం లేదు, ఉన్నదంతా కోసిన కలుపు మోళ్ళే.

"సున్నా" అంది. తర్వాత గబగబా, "పోనీలెండి. కళ్ళు తిరిగి విసిరారు కదా, ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ విసరండి" అంది.

ఆమె మొహం చూశాను. ఆమె కూడా ఆ సున్నాని కప్పుతోంది. కాలి బొటనవేలితో, మెల్లగా, తనకి తెలియకుండా. రెండేళ్ళ లెక్కల కింద ఆమె సంతకాలున్నాయి.

"ఇదొక్కటే లెక్కలోకి వస్తుంది మేడమ్."

జేబులో కత్తి తీశాను. చట్రం మధ్యలో నేలని నాలుగు వైపులా కోసి, రొట్టె ముక్కలా ఒక మట్టిపెళ్ళ పైకి తీసి ఆమె అరచేతిలో పెట్టాను. కోసినవైపు ఆమెకి కనపడేలా తిప్పాను. పైన నల్లటి మట్టి. కింద నల్లటి మట్టి. రెండు వేళ్ళ లోతులో, దారంలా సన్నగా, ఎర్రటి గీత. ఇటుకపొడి. మూడేళ్ళయినా రంగు పోలేదు.

ఆమె దాని పక్కన తన వేళ్ళు ఆనించి కొలిచింది.

"మూడో రంధ్రం" అన్నాను.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి వాన పడ్డ ఇరవై రోజులకి."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు" అన్నాడు బావమరిది వెనక నుంచి. ఇంతెత్తు మనిషి గొంతు బడిపిల్లాడిలా వచ్చింది. "నేను స్టీరింగు వరకే అన్నాను, కానీ నాకు తెలుసు."

ఆమె తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండును. నాలుగు మాటలు పడేస్తే, ఆ నాలుగు మాటల వెనక కాస్త నీడ దొరుకుతుంది. ఆమె మట్టిపెళ్ళని తీసినచోటే జాగ్రత్తగా పెట్టి అరచేత్తో అదిమింది. పుస్తకం తెరిచి, అంతకుముందు రాసిన తొమ్మిదీ ఎనిమిదీ పదకొండూ పదీ కొట్టేసింది. కింద సున్నా రాసింది.

"ఇంకా తొమ్మిది ఉన్నాయి. విసరండి."

"మేడమ్..."

"విసరండి. ఇప్పుడు అడ్డం ఏముంది?"

అడ్డం ఏమీ లేదు. నా చెయ్యి కర్రలా చాపుకుని దూరంగా, మామూలుగా, సిగ్గులేకుండా విసిరింది. సున్నా. సున్నా. ఒకటి. ఆ ఒక్క మొక్క దగ్గర బావమరిది "ఇదిగో ఉంది మేడమ్!" అని అరిచాడు. ఆమె తల ఎత్తకుండా ఒకటి అని రాసుకుంది. సున్నా, సున్నా, రెండు, సున్నా, సున్నా, సున్నా. ఎండ నెత్తికెక్కింది. ప్రతిసారీ ఆమె సంఖ్యని పైకి చదివింది. పది చట్రాలకి మూడు మొక్కలు.

గేటు దగ్గర ఆగింది. "పనిలోంచి తీసేస్తారేమో అనుకుంటున్నారా?"

 తీసేస్తే బాగుండునని అనుకుంటున్నాను.

"తీసెయ్యనివ్వను. ఆ లోపలి నేల మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. మళ్ళీ మీరే విత్తాలి. మూడేళ్ళు మీరే చూసుకోవాలి." జీపు ఎక్కి, తలుపు వేసుకుని, అద్దం దించింది. "నా సంతకాల సంగతి నేను చూసుకుంటాను" అంది. నాతో కాదు, ఎదురుగా ఉన్న అద్దంతో అన్నట్టుగా అంది.

*

మా ఆవిడ గుమ్మంలో ఉంది. అక్కణ్ణించి పొలం కనపడుతుంది గానీ మాటలు వినపడవు. నేను గిర్రున తిరగడం చూసిందట.

"ఏవండీ, మీకేమైనా అయిందా?"

చెప్పాను. అన్నీ చెప్పాను, పిన్ను దగ్గర్నుంచి. మొదటిసారి చెబుతున్నాను కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియక మా నాన్న గురించి కూడా చెప్పాను. ఆమె గుమ్మానికి ఆనుకుని వింది. 

"అయితే ఎన్నాళ్ళు?" అంది చివరికి.

"మూడేళ్ళే."

"పోయినసారి కూడా ఇదే 'ఏ' పెట్టి చెప్పారు."

లోపలికి వెళ్ళింది. పెట్టెలు వరసగా గోడ వారన ఉన్నాయి. బావమరిది గుమ్మం బయటే నిలబడి "అక్కా, ఇవి ఎక్కించనా, వద్దా?" అన్నాడు. ఆమె ఒక పెట్టె ముందు కూర్చుని తాడు ముడి విప్పింది. మూత కొంచెం ఎత్తి, లోపల చెయ్యి పెట్టి తడిమి, ఒక కంచం బయటికి తీసింది. తమ్ముడికి. మళ్ళీ మూత వేసి, తాడు యథాప్రకారం బిగించి ముడి వేసింది.

అప్పటినుంచీ అలాగే. ఏది కావాలన్నా ముడి విప్పుతుంది, తీస్తుంది, పనయ్యాక కడిగి తుడిచి లోపల పెట్టి ముడి వేస్తుంది. పెట్టెలు విప్పి సర్దుకుందామని నేను ఒకసారి అన్నాను. "నేను సర్దుకుని ఇక్కడ ఉండట్లేదు. ఉండాల్సి వచ్చి ఉంటున్నాను. ఆ తేడా నాకు కనపడుతూ ఉండాలి" అంది. కోపం లేదు. ఉదయం కిటికీ తెరిచి ఒక నిమిషం నిలబడి, మూసేస్తుంది.

*

పదును వచ్చేసరికి మరో తొమ్మిది నెలలు పట్టింది. కలుపంతా తీయించి, నేల గట్టిపడే దాకా ఆగి, మళ్ళీ ఇటుకపొడి కలిపాం. ఈసారి మేడమ్ రాలేదు. వస్తానని కబురు చేసి, కావాలనే రాలేదనుకుంటాను.

అంచుల్ని ముట్టుకోకుండా లోపలే విత్తాలి. పిన్ను మొదటి రంధ్రంలో పెట్టి, బావమరిది చూస్తుండగా చేత్తో లాగి చూపించాను. వాడు తల ఊపాడు. ట్రాక్టరు కదిలింది. నేను గొర్రు వెనక నడిచాను.

ఎర్రటి చారలు. వాటి మీద గింజలు. నూగుతో, తోకలతో, కప్పుకోవడానికి ఏమీ లేకుండా వెల్లకిలా పడి ఉన్నాయి. ఎండ వాటి మీద నేరుగా పడుతోంది. పిట్టలు అప్పుడే కంచె మీదికి చేరాయి, తొందరేం లేనట్టు. రెండు సాళ్ళు అయ్యాక వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాను. చూశాను. ఒంటి మీద బట్ట జారిపోయినట్టు ఒళ్ళంతా ముడుచుకుంది.

చేతులు రెండూ వెనక్కి వెళ్ళి ఒకదాన్ని ఇంకోటి పట్టుకున్నాయి. వాటిని అలాగే ఉండనిచ్చాను.

ట్రాక్టరు ఆగింది. ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. బావమరిది సీటు మీద పక్కకి తిరిగి కిందికి, నావైపు చూస్తున్నాడు.

"బావా" అన్నాడు. "కాలు."

చూసుకున్నాను. బొటనవేలు చెప్పులోంచి బయటికి వచ్చి ఉంది. దాని ముందు చిటికెడు మట్టి పోగై ఉంది. ఆ మట్టి కింద ఎన్ని గింజలున్నాయో తెలియదు.

వంగి, వేలితో ఆ మట్టి పక్కకి తోశాను. రెండు గింజలు బయటపడ్డాయి. వాటిని అలా చూస్తూ ఎంతసేపు ఉన్నానో. వాడు ఇంజను ఆపలేదు, తొందర పెట్టనూ లేదు.

చెప్పులు రెండూ విప్పి చేతుల్లో పట్టుకున్నాను. అరికాళ్ళు పూర్తిగా ఆనితే వేలు ఒక్కటే తన పని తాను చేసుకోలేదు. "పోనీరా" అన్నాను. ఇంకా పద్దెనిమిది ఎకరాలు ఉన్నాయి.